అచ్చాయమ్మ ముద్ద

అనగనగా, మీ తాతల తాతలకి పాలపళ్ళు ఊడే రోజుల్లో, ఒక కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో అచ్చాయమ్మ అని ఒకామె. ఆమెకి మొగుడు లేడు, పిల్లలు లేరు, గుంట పొలం లేదు. ఉన్నవల్లా రెండు చేతులు. ఆ రెండు చేతులతోనే ఊరందరికీ పిండివంటలు చేసిపెట్టేది.

పెళ్ళయినా అచ్చాయమ్మే, సీమంతమైనా అచ్చాయమ్మే, పండగైనా అచ్చాయమ్మే. ఆమె పాకం పట్టిన అరిసె నోట్లో వేసుకుంటే కరిగిపోయేది. పొద్దున వచ్చి పొయ్యి ముందు కూర్చుంటే సాయంత్రానికి లేచేది. రోజుకి కుంచెడు బియ్యం ఇచ్చేవాళ్ళు. ఇంకా ఇమ్మని ఆమె ఏనాడూ నోరు తెరవలేదు.

అయితే ఆమెకో అలవాటుంది. పిండివంటలు వండే ఇంట్లో పొయ్యి చుట్టూ పిల్లలు చేరతారు కదా! అందరూ వాళ్ళని అవతలికి పొమ్మనేవాళ్ళు. అచ్చాయమ్మ మాత్రం దగ్గరికి రమ్మనేది. పాకంలో పిండి పోసి కలిపి, మూకుట్లో మొదటి అరిసె వెయ్యకముందే, నిమ్మకాయంత ముద్ద తీసి పిల్లల చేతిలో పెట్టేది.

"ఏం చెయ్యమంటావు అచ్చాయమ్మా?" అని పిల్లలు అడిగేవాళ్ళు.

"నన్నడక్కు తల్లీ, నీ చేతినడుగు" అనేది.

ఒకళ్ళు పాము చేసేవాళ్ళు. ఒకళ్ళు కుందేలు చేసేవాళ్ళు. ఒకడు పిండిని పిడికిట్లో పట్టి నొక్కి, "ఇది మా తాత" అనేవాడు. అచ్చాయమ్మ నవ్వేది కాదు, దిద్దేది కాదు. "కాస్త పల్చగా తట్టు నాన్నా, లోపల పచ్చిగా ఉండిపోద్ది" అని మాత్రం అనేది. నూనెలో వేసి, ఎర్రగా వేగనిచ్చి, జాగ్రత్తగా తీసి అడిగేది.

"ఏంటిది?"

"ఏనుగు."

"అవును, ఏనుగే."

తొండం లేకపోయినా ఏనుగే. కాళ్ళు రెండే ఉన్నా ఏనుగే. చేసినవాడు ఏనుగంటే ఏనుగే. వాడు దాన్ని ఊదుకుంటూ ఊరంతా తిప్పి, అందరికీ చూపించి, చివరికి చెవి దగ్గర్నుంచి కొరుక్కుని తినేవాడు.

ఇందులో ఎవరికేం నష్టం? మీరే చెప్పండి. నిమ్మకాయంత పిండి!

కానీ ఆ ఊళ్ళో వరహాలమ్మ ఉంది. పెద్ద మేడ, పెద్ద గాదె, అంతకన్నా పెద్ద నోరు. ఆమె మాటకి ఊళ్ళో ఎదురు లేదు. ఆ ఏడు ఆమె కూతురికి ఆడపిల్ల పుట్టింది. పిల్లకి మాణిక్యం అని పేరు పెట్టారు. బాలింతనీ బిడ్డనీ అత్తవారింటికి పంపుతూ తొమ్మిది బుట్టల సారె పంపాలనుకుంది వరహాలమ్మ. సారె అంటే తెలుసుగా, ఆ మిఠాయిలు వియ్యాలవారి ఊళ్ళో ఇంటింటికీ పంచుతారు. అచ్చాయమ్మకి కబురెళ్ళింది. మూడు రోజుల పని.

మొదటిరోజు అచ్చాయమ్మ పిల్లలకి ముద్ద ఇచ్చింది. వరహాలమ్మ చూసి మొహం ముడుచుకుంది.

"ఏమే అచ్చాయమ్మా, పిండి నీ పుట్టింటి నుంచి తెచ్చావా?"

"నిమ్మకాయంతేనండి అమ్మగారూ."

రెండోరోజు కూడా అచ్చాయమ్మ ముద్ద ఇచ్చింది. వరహాలమ్మ వచ్చి, పళ్ళెంలో వేడివేడిగా ఉన్న పాముల్నీ, కుందేళ్ళనీ, తాతనీ ఎత్తి గేదెల కుడితి తొట్టిలో పారబోసింది. పిల్లలు చూస్తూ ఉండగా పారబోసింది! ఒక్కళ్ళు కూడా ఏడవలేదు. పిండి చేతులు బట్టలకి తుడుచుకుని ఊరుకున్నారు. పసిపిల్లలు ఏడవకుండా ఊరుకున్నారంటే అంతకుముందు ఎన్ని తిట్లు తిన్నారో చూడండి.

మూడోరోజు కూడా అచ్చాయమ్మ ముద్ద ఇచ్చింది. ఈసారి వరహాలమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"నా సారెలో అరిసెలన్నీ ఒక్కలా ఉండాలి. వియ్యాలవారి ఊళ్ళో ఒక్క వంకర అరిసె కనపడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"వంకరవి బుట్టలో పెట్టనండి. పిల్లలే తినేస్తారండి."

"తినాలంటే అరిసె పెట్టు. ఆటకి పిండెందుకు? అంతగా నేర్పాలనుంటే తిన్నగా చెయ్యడం నేర్పు."

అచ్చాయమ్మ అట్లకాడ కింద పెట్టింది. ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి ఆవేళ చెప్పింది.

"తిన్నగా చెయ్యడానికి బతుకంతా ఉందండి అమ్మగారూ. వంకరగా చెయ్యడానికి ఈ నాలుగేళ్ళే కదండీ. అయినా ఈ సారె ఎవరి పేరునండీ? పసిబిడ్డ పేరునే కదండీ!"

"లే! నా పొయ్యి దగ్గర్నుంచి లే!"

చేతులకి అంటిన పిండి కడుక్కోవడానికి చెంబుడు నీళ్ళు కూడా ఇవ్వలేదు. అచ్చాయమ్మ అలాగే లేచి వెళ్ళిపోయింది. వరహాలమ్మ వీధిలోకొచ్చి అందరూ వినేలా చెప్పింది. అచ్చాయమ్మని పనికి పిలిచిన ఇంటి గడప తను తొక్కదట.

మరి ఊరేం చేసింది? తలూపింది. ఆమె చేతి అరిసెలు తిని పెరిగినవాళ్ళు తలూపారు. ఆమె చేత ఏనుగులు వేయించుకున్నవాళ్ళు, పెద్దయి మీసాలొచ్చినవాళ్ళు, వాళ్ళూ తలూపారు. నాకీ చోటికొచ్చేసరికి ఒళ్ళు మండుతుంది. వరహాలమ్మ ఒక్కతే. ఊళ్ళో గడపలు నూటయాభై. ఒక్క గడపలోంచి ఒక్క మనిషి "ఇదేం న్యాయం?" అని అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఆ తర్వాత అచ్చాయమ్మని పెళ్ళికి పిలవలేదు, సీమంతానికి పిలవలేదు, పండక్కి పిలవలేదు. కలుపు తీసి, పిడకలు చేసి, దొరికిన పూట తిని, దొరకని పూట పడుకునేది. అయినా ఊరుకుందా? కాలవ గట్టున తన పాక ముందు మూడు ఇటుకలు పెట్టింది. పగిలిన కుండపెంకు మూకుడయింది. కాలవ మట్టి పిండయింది. నిప్పు లేదు, నూనె లేదు. పిల్లలొచ్చారు.

"ఏం చెయ్యమంటావు అచ్చాయమ్మా?"

"నన్నడక్కు తల్లీ, నీ చేతినడుగు."

మట్టి పాముని కుండపెంకులో వేసి, నిజంగా వేగుతున్నట్టు "సుయ్" అని నోటితో చప్పుడు చేసేది. తిరగేసేది. ఎండకి ఆరబెట్టేది. "ఏంటిది?" అని అడిగేది. ఏం చెప్పినా "అవును, అదే" అనేది. బట్టలు మాపుకొచ్చారని ఇళ్ళల్లో పిల్లల వీపులు మోగాయి. మర్నాడు మళ్ళీ వచ్చారు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. మాణిక్యం అమ్మమ్మగారింటికి వచ్చింది. ఏ పిల్ల పేరున తొమ్మిది బుట్టల సారె వెళ్ళిందో ఆ పిల్లే. మేడ నిండా కొన్న బొమ్మలు. తాకితే రంగు పోతుందని ఎత్తున పెట్టారు. పిల్ల మూడు రోజులు వాటి వంక చూసి, నాలుగోరోజు మిగతా పిల్లల వెనకాలే కాలవ గట్టుకి వచ్చేసింది.

వరహాలమ్మ వెతుక్కుంటూ వచ్చింది. మోచేతుల దాకా మట్టితో ఉన్న మనవరాల్ని చూసింది. ఆ మూడు ఇటుకల పొయ్యిని కాలితో తన్నింది. కుండపెంకు ముక్కలయింది. పిల్లని రెక్క పట్టుకుని లాక్కుపోయింది. పొయ్యిని ఎవరైనా తంతారా? ఆటపొయ్యి అయినా పొయ్యే కదా!

ఆ వెంటనే వానలు పట్టాయి, అచ్చాయమ్మకి జ్వరం వచ్చింది. మూడు రోజులు పడుకుంది. నాలుగో రోజు లేవలేదు.

అప్పుడు కదిలింది ఊరు. దయతో కాదు, భయంతో. దిక్కులేని మనిషి ఆకలితో పోయింది, ఊరికేమవుతుందోనని. అందరూ కలిసి దహనం చేశారు. పదోరోజు కాలవ గట్టున విస్తరేసి కాకులకి పెట్టారు. చనిపోయినవాళ్ళకి తీరని కోరిక ఉంటే కాకి ముట్టదంటారు కదా. కాకి ముట్టేదాకా ఊళ్ళో ఎవరూ మెతుకు ముట్టకూడదనుకున్నారు.

తుమ్మచెట్టు నిండా కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు.

మొదట ఊరిపెద్ద వచ్చాడు. గుండ్రటి అరిసెలు పెట్టి, "నీ పాక పడిపోకుండా చూస్తాం తల్లీ" అన్నాడు. కాకి దిగలేదు.

తర్వాత ఆడవాళ్ళొచ్చారు. బూరెలూ పరవాన్నం పెట్టి, "ఏటా నీ పేరు మీద పదిమందికి అన్నం పెడతాం తల్లీ" అన్నారు. కాకి దిగలేదు. బతికుండగా పెట్టనివాళ్ళు పోయాక పెడతామంటే కాకి మాత్రం ఎలా నమ్ముతుంది?

పొద్దు నడినెత్తికొచ్చింది. అందరి కడుపులూ మండుతున్నాయి. చివరికి వరహాలమ్మ వచ్చింది. నేతి అరిసెలు అక్కడికక్కడే వండించి పెట్టింది, అన్నీ ఒక్కలా ఉన్నవి. "ఆవేళ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చాలా?" అంది. చాలా అని అడుగుతోంది, వినండి! కాకులు లేచి అవతలి గట్టుకి పోయాయి.

అందరూ తలలు పట్టుక్కూర్చున్నారు. అప్పుడు మాణిక్యం, అమ్మమ్మ కొంగు వదిలేసి, ముందుకొచ్చింది. ఆ నేతి అరిసెలు వండిన గిన్నెలో అడుగున మిగిలిన పచ్చి పిండి నిమ్మకాయంత తీసింది. ఎవరినీ ఏం చెయ్యమంటారని అడగలేదు. చేతులతో నొక్కింది, మూడు ముక్కలు చేసింది, విస్తరి చివర పెట్టింది. చూస్తే మూడు బొడిపెలు.

వరహాలమ్మ అలవాటుగా చెయ్యెత్తింది. "ఏంటే అది?"

"పొయ్యి. అచ్చాయమ్మ పొయ్యి. నువ్వు తన్నేశావుగా అమ్మమ్మా, మళ్ళీ కట్టాను."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఊరంతా వరహాలమ్మ మొహం చూసింది. ఈసారి ఎవరూ తలూపలేదు. ఆమె ఆ మూడు బొడిపెల్ని చూసింది. అప్పుడు ఎత్తిన చెయ్యి దించి చెప్పింది.

"అవును. పొయ్యే."

అవతలి గట్టునుంచి ఒక కాకి వచ్చింది. గుండ్రటి అరిసెల మీద నుంచి నడిచింది. బూరెల మీద నుంచి నడిచింది. నేతి అరిసెల మీద నుంచి నడిచింది. ఆ మూడు బొడిపెల్లో ఒకటి ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

అప్పటినుంచీ ఆ కాలవ పొడుగునా ఏ ఊళ్ళో అరిసెలు వండినా మొదటి ముద్ద పిల్లలదే. దాన్ని అచ్చాయమ్మ ముద్ద అంటారు. పిల్లల్లేని ఇల్లయితే పక్కింటి పిల్లల్ని పిలిచి ఇస్తారు. ఏం చెయ్యాలో చెప్పరు, చేసింది దిద్దరు. వేయించి తీసి, "ఏంటిది?" అని అడుగుతారు. పిల్ల ఏ పేరు చెబితే ఆ పేరు. ఎవరైనా నోరు జారి "ఏనుగిలా ఉంటుందా?" అంటే, ముసలమ్మలు ఊరుకోరు. "కాకినడుగు పో!" అని కసురుతారు.

వరహాలమ్మ సారెలోని తొమ్మిది బుట్టల్లో ఏమేం వెళ్ళాయో ఇవాళ ఎవరికీ తెలీదు. అవన్నీ తిన్నగానే ఉండుంటాయి.

ఇది విని మీరు కూడా రేపట్నుంచి పిల్లలకి ముద్ద ఇస్తారు, నాకు తెలుసు. ఇవ్వండి, మంచిదే. కానీ ఆ ముద్ద ఇచ్చిన చేతులకి నాలుగేళ్ళపాటు మనం కుంచెడు బియ్యం ఇవ్వలేదు. ముద్ద తీసిన ప్రతిసారీ అది కూడా గుర్తు తెచ్చుకోండి.