పోతయ్య మోకాలు, ఉయ్యాల్లో ఫోను

ఇది అబద్ధమనుకునేవాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తిన చెయ్యి కథ అయ్యేదాకా దించకూడదు. దించాలనిపిస్తే మేం ఎత్తిన కాళ్ళు తలుచుకోండి, మీకే సిగ్గేస్తుంది.

విజయనగరం అవతల చినగుడిపేటలో పోతయ్య అనే తప్పెటగుళ్ళ మేళం పెద్ద ఉండేవాడు. పదిమంది చూస్తుంటే కొండైనా ఎత్తేవాడు గానీ, ఎవరూ చూడకపోతే చెంబు కూడా ఎత్తేవాడు కాదు. గుండెకు తప్పెట కట్టుకుని ఎగిరాడంటే తల వెళ్ళి కొబ్బరిగెలకు తగిలేది. నేనూ ఆ మేళంలోనే ఉండేవాణ్ణి. నేనెగిరితే రెండు కాయలు తెంపుకుని మరీ దిగేవాణ్ణి.

మేళంలో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఒంటికాలి మీద ఆడేటప్పుడు పాట చరణం పూర్తయ్యేదాకా ఎత్తిన కాలు దించకూడదు. ఒక్కడు దించినా అందరూ చరణం మళ్ళీ మొదలెట్టాలి. ఈ నియమంతో ఆయన మమ్మల్ని ఏళ్ళ తరబడి ఏడిపించాడు.

ఒక వానాకాలం పోతయ్య గట్టు మీద జారి మోకాలి చిప్ప విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికాక పట్నం డాక్టరమ్మ కట్టు విప్పి గట్టిగా చెప్పింది. "రోజూ పొద్దున్నే కుర్చీ పట్టుకుని నిలబడి ఈ మోకాలు వంచాలి. నొప్పి పుట్టినా ఆపకూడదు. ఆపితే ఇలాగే బిగుసుకుపోతుంది, ఇక జన్మలో ఎగరలేవు."

ఊరు దూరం కాబట్టి ఆవిడ ఆయన ఫోన్లో ఒక యాప్ పెట్టించింది. ఫోను చీలమండకు కట్టుకుని కాలు ఆడిస్తే చాలు, లోపలినుంచి ఒక అమ్మాయి గొంతు లెక్కపెట్టి మెచ్చుకునేది. మొదటిరోజు పోతయ్య నిజంగానే చేశాడు. ప్రాణం పోయినంత పనయింది. ఫోను మాత్రం, "శభాష్ పోతయ్య గారూ, చాలా బాగా చేశారు" అంది.

మర్నాటినుంచి ఆయన ఫోను తీసి మనవరాలి గుడ్డ ఉయ్యాలకు కట్టేవాడు. తాను మంచం మీద పడుకుని తాడు లాగేవాడు. ఉయ్యాల ఊగినప్పుడల్లా ఫోను శభాష్ అనేది. అన్ని శభాష్‌లు విన్నాక ఆ ఉయ్యాల లేచి తప్పెట కట్టుకుని ఆడాల్సింది, పాపం గుడ్డది కాబట్టి ఆడలేకపోయింది.

గంగమ్మ పండగ దగ్గరపడింది. మేమంతా సాధన కోసం ఆయన వాకిట్లో చేరాం. పోతయ్య తప్పెట కట్టుకుని మోకాలు వంచబోయాడు. అది వంగలేదు. మళ్ళీ ప్రయత్నించి, కర్రలా చాచిన కాలితో అలాగే నేలమీద కూలబడ్డాడు.

"ఏటి బావా, ఫోను రోజూ శభాష్ అంటోందన్నావు గదా" అన్నాను.

అరుగుమీదున్న ఆయన భార్య పైడమ్మ అందుకుంది. "శభాష్‌లు వినబడ్డాయి అన్నయ్యా. నిన్న పిల్ల నా ఒళ్ళో పడుకునుంది. లోపల ఉయ్యాల మాత్రం ఊగుతోంది. ఎవర్ని ఊపుతున్నావు మావా అనడిగితే ఇప్పటిదాకా జవాబు లేదు."

ఎవరికీ నవ్వు రాలేదు. పోతయ్య తప్పెట విప్పి నా చేతికిచ్చాడు. "ఫోన్లో అమ్మాయి తప్పేమీ లేదు బావా. చేసినా శభాషే, చెయ్యకపోయినా శభాషే. అంత నొప్పి ఒక్కణ్ణే పడాలంటే నాకు మనసు రాలేదు. ఇక ఈ మేళం నువ్వే చూసుకో."

ఆ తప్పెట నేను మళ్ళీ ఆయన ఒళ్ళోనే పెట్టాను.

మర్నాడు తెల్లారేసరికి మేళం మొత్తం ఆయన వాకిట్లో ఉంది. ఫోను ఎలా చెయ్యాలో చెప్పింది. పోతయ్య కుర్చీ పట్టుకుని మోకాలు వంచాడు. మేమూ వంచి పాట అందుకున్నాం. సగం చరణంలోనే ఆయన కాలు దించేశాడు. అందరం కాళ్ళు దించి, మళ్ళీ ఎత్తి, చరణం మొదటినుంచి పాడాం.

"ఒరే, మీరెందుకురా, మీ మోకాళ్ళకేమైంది?" అన్నాడు పోతయ్య.

"నియమం నీదే గదా బావా."

మళ్ళీ దించాడు. మళ్ళీ మొదలెట్టాం. మాలో అందరికంటే పెద్దవాడు ముసలి అప్పలస్వామి. ఆయన ఒళ్ళంతా వణుకుతోంది. అయినా కాలెత్తే ఉంచి, "కానీరా పోతయ్యా, మధ్యాహ్నం కూడు వేళకైనా అవుతుందా?" అన్నాడు. నేనైతే ఒంటికాలి మీదే ఒక కునుకు తీశాను. ఒక కాకి నన్ను ఎండుమొద్దనుకుని నా తలపాగాలో గూడు మొదలెట్టింది.

పోతయ్య అప్పలస్వామి వైపు చూశాడు. పళ్ళు బిగించాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా ఆ చరణం పూర్తయ్యేదాకా కాలు దించలేదు. పూర్తయ్యాక ఫోను శభాష్ అంది. ఈసారి పోతయ్య ఆ మాట విని తల వంచుకోలేదు.

అలా ప్రతి పొద్దునా వెళ్ళాం. కాలు ముందు కాస్త వంగింది, తర్వాత ఇంకాస్త వంగింది. పండగనాడు పోతయ్య గంగమ్మ ముందు నిలబడి ఎగిరాడు. వెనకటంత ఎత్తు కాదు. కానీ ఆయన కాలు నేల తాకినప్పుడు ఊరు అదిరి, నాలుగూళ్ళ అవతల కుండల్లో నీళ్ళు తొణికాయి.

ఆట అయ్యాక మేళం పెద్దకు తాంబూలం ఇవ్వడం ఆనవాయితీ. పోతయ్య దాన్ని నోట్లో వేసుకోలేదు. ఆకులు విడదీసి మాకందరికీ తలొకటి పంచాడు. మొదటి ఆకు అప్పలస్వామికిచ్చి, వంగి ఆయన కాళ్ళు మొక్కాడు. వంగగలిగినందుకే ఆయన మొహం వెలిగిపోయింది. తర్వాత ఫోను తీసి, "నువ్వూ దారి చెప్పావు తల్లీ" అని కళ్ళకద్దుకున్నాడు. ఆ ఆకు రుచి నా నాలుక మీద ఇంకా ఉంది.

ఒంటికి మంచిదేదో ఫోను చెప్పగలదు గానీ, మనసు రానినాడు దాన్ని మనచేత చేయించేది మన పక్కన నిలబడే మనిషే. అలాంటివాళ్ళు దొరికితే వాళ్ళ మేలు ఎన్నడూ మరవకూడదు.

ఇక చేతులు దించండి. ఇప్పటికీ నమ్మకం కుదరనివాళ్ళు చినగుడిపేట వెళ్ళి అరుగుమీద కూర్చుని అంతా చూసినావిణ్ణి అడగండి. ఆ కాకి సంగతి తప్ప అన్నీ ఒప్పుకుంటుంది. పేరు పైడమ్మ.