నాలుగో మూల

ఆ ఎండాకాలం జిలానీకి ఒకటే బెంగ. బాబాని ఏటి మీద ఎండ పాలు కానివ్వకూడదు.

గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక లంక. అందులో చిన్న దర్గా. దర్గాని కనిపెట్టుకుని ఉండే పెద్దాయన లతీఫ్ షా బాబా. జిలానీ ఆయన శిష్యుడు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక, సముద్రపు గాలి తిరిగే వేళకి, బాబా తెరచాప పడవెక్కి అవతలి గట్టుకి వెళ్తారు. కుష్ఠు నయమైనా సొంతవాళ్ళు ఇళ్ళకి రానివ్వని మనుషులు అక్కడ పాకలేసుకుని ఉంటున్నారు. బాబా వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ కంచంలోనే ఓ ముద్ద తిని వస్తారు. అంతకు మించి చేసేదేం లేదు. కానీ ఆయన వచ్చేదాకా అన్నం ముట్టనివాళ్ళు ఉన్నారక్కడ.

ఈ ఏడు బాబాకి కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు ఎండ తగలకూడదని డాక్టరు నల్ల కళ్ళద్దాలిచ్చాడు. బాబా వాటిని ఆసుపత్రి గేటు దగ్గరే ఎవరికో ఇచ్చేసి వచ్చారు. ఇంకేముంది, జిలానీ దారికి అడ్డం నిలబడ్డాడు.

"నీడ వేసేదాకా మీరు పడవెక్కడానికి వీల్లేదు" అన్నాడు. శిష్యుడు గురువుకి హుకుం జారీ చెయ్యడం! బాబా నవ్వేశారు.

"అయితే వెయ్యి. దర్గా హుండీలో చెయ్యి మాత్రం పెట్టకు."

జిలానీ పనిలో దిగాడు. పడవ వెనక భాగంలో, చుక్కాని దగ్గర మనుషులు కూర్చునే చోట, ముందు తాటాకు కప్పు వేశాడు. గాలికి పడవ ఓ పక్కకి ఒరిగిపోతుంటే నడిపే ఎర్రయ్య తిట్ల దండకం అందుకున్నాడు. ఎక్కడో పాత రేకు దొరికితే అది బిగించాడు. దాని కింద కూర్చోవడం కన్నా ఎండే నయం. గోనె సంచులు విప్పి కుట్టాడు. అవి బరువుకి వేలాడి ఎర్రయ్య కళ్ళకి అడ్డం పడ్డాయి.

ఇలా శుక్రవారాలు దాటిపోతున్నాయి. అవతలి గట్టు నుంచి నూకమ్మ కబురు పంపింది. "బాబాకి మా మీద కోపం వచ్చిందా?"

అది విని జిలానీ బావురుమన్నాడు. "నా వల్ల కావట్లేదు బాబా. నాకు ఇంకేం తోచట్లేదు."

బాబా లేచి మూలనున్న పెట్టె తెరిచారు. నిండా చాదర్లు. భక్తులు సమాధి మీద కప్పి వెళ్ళినవి. పచ్చటి నూలు గుడ్డలు, కొన్నింటిని అప్పుడే చిమ్మెటలు తింటున్నాయి.

"ఇవా! సమాధి మీదివి బాబా!"

"లోపలున్నాయనకి ఎండ తగలదు కదరా" అన్నారు బాబా.

శుక్రవారానికల్లా చాదర్లన్నీ కుట్టి ఒకటే గుడ్డ చేశాడు జిలానీ. పడవలో నాలుగు వెదురు బొంగులు నిలబెట్టి, నాలుగు మూలలా తాళ్ళతో బిర్రుగా కట్టాడు. ఎవడు లాగుతాడో చూద్దాం అన్నట్టు ముడి మీద ముడి వేశాడు. బాబా కూర్చున్నారు. చల్లగా, పచ్చగా నీడ. జిలానీ ముఖం వెలిగిపోయింది.

నడి ఏటికి చేరేసరికి గాలి ఎత్తుకుంది. గుడ్డ పొంగి ఇంకో తెరచాపైపోయింది. పడవ దారి తప్పి ఇసుక మేట వైపు ఈడ్చుకుపోతోంది.

"ఒరే జిలానీ, కోసెయ్యరా దాన్ని! మేటకి కొట్టుకుంటాం!" చుక్కాని మీద పడుకున్నంత పనిచేస్తూ అరిచాడు ఎర్రయ్య.

"కొయ్యను! బాబా కళ్ళేం కావాలి? వెనక్కి తిప్పు, ఇంటికి పోదాం!" వెదురు బొంగుని కావలించుకున్నాడు జిలానీ.

బాబా లేచారు. తడుముకుంటూ నాలుగో మూల దగ్గరికి వెళ్ళి, ముడులు ఒక్కొక్కటీ ఓపిగ్గా విప్పారు. గుడ్డ టపటపా కొట్టుకుంది. పడవ కుదుటపడింది. ఎండ నేరుగా ఆయన ముఖం మీద పడింది.

"బాబా!" జిలానీ కేక పెట్టాడు.

బాబా కళ్ళు మూసుకునే ఆ తాడు కొసని శిష్యుడి చేతిలో పెట్టారు.

"కట్టడం వచ్చింది బేటా నీకు. ఇక పట్టుకోవడం నేర్చుకో."

జిలానీ తాడు పట్టుకుని నిలబడ్డాడు. గాలి విసిరినప్పుడు వదిలాడు. తగ్గినప్పుడు లాక్కున్నాడు. మొదట్లో అరచేయి మండిపోయింది. పడవ మలుపు తిరిగి ఎండ అటు మారితే తనూ తాడుతో అటు మారాడు. నీడ బాబాని వదల్లేదు. ఎర్రయ్య నోరు మూసుకుని చుక్కాని పట్టాడు. అతని కాళ్ళ మీదా కాస్త నీడ పడింది.

అవతలి గట్టున నూకమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి ఎదురొచ్చింది. బాబా పడవ దిగారు. గట్టు దాకా అంతా ఎండే.

"బాబా, ఎండ..." జిలానీ ఆయన భుజం పట్టుకోబోయాడు.

అప్పటికే నూకమ్మ తన చీర కొంగు తీసి, వేళ్ళు లేని ఆ రెండు చేతుల్తో బాబా తల మీద కప్పింది. ఇద్దరూ ఒకే కొంగు కింద మెల్లగా నడిచి వెళ్తున్నారు.

తాడు ఇంకా జిలానీ చేతిలోనే ఉంది. పిడికిలి మాత్రం వదులైంది.