ఎముకల పొడి తాగిన మోకాళ్లు

పూర్వం ఒక రాజుగారి కోట కొండ మీద ఉండేది. ఆస్థాన వైద్యుడు భద్రప్పను రోజూ పల్లకీలో పైకి మోసుకొచ్చే ముసలి బోయీ సన్నాసి, మోకాళ్లు అరిగిపోయాయని, ఇక సెలవిప్పించమని రాజుగారికి మొరపెట్టుకున్నాడు.

భద్రప్ప అడ్డొచ్చాడు. "సెలవెందుకు ప్రభూ? నేను చేసే మేక ఎముకల పొడి పాలలో తాగితే ముడతలు పోతాయి, మోకాళ్లు గట్టిపడతాయి. నేను ఏళ్లుగా తాగుతున్నాను."

"అయితే నువ్వూ తాగి మొయ్యి," అన్నారు రాజుగారు సన్నాసితో.

మర్నాడు బోయీలు ఖాళీ పల్లకీతో సభ ముందు దిగారు.

"వైద్యులవారేరిరా?" అని అడిగారు రాజుగారు.

"కొండ కింద దించేశాం ప్రభూ. ఏళ్లుగా పొడి తాగిన మోకాళ్లు కదా, మాకంటే ముందే ఎక్కేస్తారనుకున్నాం," అన్నాడు సన్నాసి. "ఇంకా రాలేదా?"

రాజుగారు మధ్యాహ్నం దాకా ఎదురుచూశారు. తర్వాత సన్నాసికి సెలవు, భద్రప్పకు చేతికర్ర ఇప్పించారు.