సుంకవ్వ గట్టు

అనగా అనగా, కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. మంచుకొండల సందున ఓ లోయ. ఆ లోయలో రాళ్ళు కొట్టుకు బతికే సుంకవ్వ. ఆమె ఎవరితోనూ అనని మాట ఒకటుంది. ఆమెకు కొండంటే భయం.

ఊరిని ఏటి ఒడ్డున కట్టారు. ఏరు వచ్చి తీసుకుపోయింది. చరియ కింద కట్టారు. కొండ రాళ్ళు దులిపి తీసుకుపోయింది. ఈసారి పైన, మంచు అంచునున్న గట్టు మీద కడదామన్నారు. చదును నేల, పక్కనే నీళ్ళు. సుంకవ్వ కోడలు చెన్నికి అప్పటికి నెలలు నిండాయి.

సుంకవ్వ లోయంతా తిరిగింది. రాయి రాయినీ బొటనవేలితో తడిమి అడిగింది.

"నిన్నెవరు తెచ్చారే?"

నున్నటి రాయిని ఏరు తెచ్చింది. దానికి సున్నం బొట్టు. పదునంచు రాయిని కొండ విసిరింది. దానికి మసి బొట్టు. ఒంటినిండా గీతలు పడి, మన్నులో కలగలిసి ఉన్న రాయిని మంచు ఈడ్చుకొచ్చింది. దానికి ఎర్రటి జాజు బొట్టు.

జాజు బొట్ల గట్లు మూడు తేలాయి. పై గట్టు రాళ్ళు బోసిగా ఉన్నాయి. నడిమి గట్టు రాళ్ళకు పలచగా పాచి. కింది గట్టు రాళ్ళకు పాచి దళసరిగా పట్టి, సందుల్లో చెట్లు లేచాయి.

"పై గట్టును మంచు మొన్న మొన్ననే దించింది. మళ్ళీ వస్తుంది. కింది గట్టును వదిలి తాతలనాడే పోయింది. అక్కడ కట్టండి," అంది.

"రాళ్ళకు బొట్లు పెట్టావు. పెళ్ళిళ్ళెప్పుడవ్వా?" అని నవ్వారు జనం.

చెన్ని నవ్వలేదు. "కింది గట్టున చుక్క నీళ్ళుండవత్తా. ఈ కడుపుతో ఏటినుంచి నేను మోయనా?"

"నువ్వెందుకే, నేను మోస్తా."

"ఎన్నాళ్ళు?"

"మోసినన్నాళ్ళు."

చెన్ని కింది గట్టుకు కదిలింది. ఆమె వెనక ఇంకో రెండిళ్ళవాళ్ళు కదిలారు. మిగతా ఊరు పై గట్టునే పునాదులు తవ్వింది.

చెన్నికి ఆడపిల్ల పుట్టింది. ఆ చలికాలమే మంచు కిందికి జరిగింది. జానెడు జానెడుగా వచ్చి గోడల్ని ఒరగదోసింది. జనం పిల్లల్ని చంకనేసుకుని కింది గట్టుకు దిగొచ్చారు. సుంకవ్వ వాళ్ళ ఇళ్ళకూ నీళ్ళు మోసింది.

ఏళ్ళు గడిచాయి. ఓ పొద్దున సుంకవ్వ ఎక్కుడు దారిలో నిండు కడవ దించి, దానికి ఆనుకుని కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఆ నీళ్ళు ఎవరింటికో ఎవరికీ తెలియదు. చెన్ని కడవ ఎత్తుకుంది. తన గడప దాటిపోయి, పక్కింటి బాలింత తొట్టిలో పోసింది.

ఇప్పటికీ ఆ గట్టు మీద పొద్దుటి తొలి కడవను ఎవరూ తమ ఇంట పోసుకోరు. పక్కింట పోస్తారు. "ఎవరివమ్మా నీళ్ళు?" అని లోపలినుంచి అడుగుతారు.

"సుంకవ్వవి," అని చెప్పి, మళ్ళీ ఏటికి దిగుతారు.