తలకిందుల చిలకలు

పెడనలో మార్కండేయులు అనే కలంకారీ అద్దకం పనివాడు ఉండేవాడు, చేతిలో పనితనం ఎంతుండేదో మనసులో చావు భయం అంతకు రెట్టింపు ఉండేది. చావునే గెలిచినవాడి పేరు పెట్టుకుని ఈ పిరికితనం ఏమిటని వీధిలోవాళ్లు నవ్వేవారు.

కరోనా వచ్చిన ఏడాది ఆ నవ్వులు ఆగిపోయాయి. పక్క వీధిలో ఇద్దరు ఆసుపత్రికి వెళ్తే ఒక్కరే తిరిగొచ్చారు. ఆ కబురు విన్న మర్నాడే మార్కండేయులుకి గుండె పట్టేసినట్టయింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా గబగబా ఆక్సీమీటరు కొని తెచ్చుకుని కుడిచేతి చూపుడువేలికి తగిలించాడు. ఎనభై ఆరు! ఒంట్లో ఆక్సిజన్ తొంభై నాలుగు కన్నా తగ్గితే ప్రమాదమని టీవీలో రోజూ చెబుతూనే ఉన్నారు.

అతను ఎవరికీ చెప్పలేదు. "అర్జంటు ఆర్డరుంది" అని మంచం రంగుల షెడ్డులోకి మార్చేశాడు. ఐదేళ్ల కూతురు మోక్షిత గుమ్మం దగ్గరికొస్తే "దూరం, దూరం!" అని కసిరేవాడు. విడిగా ఉండటం మంచిదే, మరి మాట దాచడమెందుకు? చెబితే ఆసుపత్రికి తీసుకెళ్తారని, వెళ్తే ఇక పిల్ల మొహం చూడలేనని అతని భయం. పూటకి పదిసార్లు వేలికి తగిలించి చూసుకునేవాడు. చూసినకొద్దీ గుండె ఇంకా బిగిసేది.

నాలుగో రోజు భార్య నాంచారమ్మ ఆరేసిన బట్ట దగ్గర ఆగిపోయింది. దానిమీద అద్దిన చిలకలు ఒక వరస వరసంతా తలకిందులుగా ఉన్నాయి.

"ఏమండీ, నేనొచ్చిన పదేళ్లలో మీరు ఒక్కసారైనా చెక్క అచ్చు తిరగేసి పెట్టలేదు. ఏమైందో చెప్పండి" అంది.

మార్కండేయులు బావురుమన్నాడు. "నేను బతకనే, నాంచారీ! పిల్ల జాగ్రత్త!"

ఆమె అంతా విని ఆరోగ్య కేంద్రానికి ఫోను చేసింది. గంటలో నర్సు ఎస్తేరమ్మ మాస్కు వేసుకుని వచ్చింది.

"ఏదీ, ఎలా చూసుకుంటున్నారో చూపించండి."

అతను చూపుడువేలు చాపాడు. తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టి చేసే నల్లరంగులో ఏళ్ల తరబడి మునిగి ఆ గోరు బొగ్గులా ఉంది.

"అయ్యో రాత! ఈ గోట్లోంచి వెలుతురు దూరితేగా లెక్క సరిగ్గా వచ్చేది! ఎడమచెయ్యి ఇటివ్వండి" అంటూ రంగు అంటని చిటికెనవేలికి తగిలించింది. తొంభై ఎనిమిది!

"మరి గుండె పట్టేయడం అబద్ధమా, సిస్టరమ్మా?"

"అబద్ధం కాదు. భయపడినా గుండె పట్టేస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అయినా నేను ఊరికే వదలను, పరీక్ష చేయిస్తాను, డాక్టరు గారికీ చూపిద్దాం. ఈలోగా రోజుకు రెండుసార్లే చూసుకోండి. జ్వరమొచ్చినా, ఆయాసమొచ్చినా వెంటనే ఫోను చెయ్యండి. మీకు మీరే డాక్టరైపోకండి!"

రెండు రోజులకి కరోనా లేదని తేలింది. డాక్టరు గుండె కూడా చూసి బాగానే ఉందన్నారు. మార్కండేయులు షెడ్డులోంచి వచ్చి కూతుర్ని ఎత్తుకున్నాడు, చాలాసేపు దించలేదు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు గుండె పట్టేసినట్టుండేది. అప్పుడు దాచకుండా భార్యకి చెప్పేవాడు. అచ్చు బట్టమీద పెడుతూ ఊపిరి పీల్చేవాడు, దానిమీద చరుస్తూ మెల్లగా వదిలేవాడు. నాలుగు వరసలు అద్దేసరికి తేలికపడేది.

తలకిందుల చిలకల బట్టతో నాంచారమ్మ కూతురికి లంగా కుట్టింది. "నాన్నా, నా చిలకలు పల్టీలు కొడుతున్నాయి!" అంటూ మోక్షిత ఇల్లంతా గంతులేసింది.

ఒంట్లో తేడా అనిపిస్తే దాన్ని దాచుకుని ఒంటరిగా కొలుచుకుంటూ కూర్చోకూడదు, అయినవాళ్లకి చెప్పి, తెలిసినవాళ్లకి చూపించుకుని, వాళ్లు చెప్పిన మంచిమాటని కూడా నమ్మాలి.