రాణి రాని రేవు

ప్రశ్నను రెండుసార్లు అడిగించడం నరహరిగారి అలవాటు. మొదటిసారి విని ఊరుకునేవారు. కాసేపాగి, "ఇంకోసారి చెప్పు" అనేవారు. రెండోసారి చెప్పేటప్పటికి చాలామంది ప్రశ్నలు కాస్త చిన్నవయ్యేవి. కొందరివి మాయమయ్యేవి కూడా. నలభై ఏళ్ళు శాసనాలు చదవడంలో గడిపిన మనిషి కనుక, అరిగిపోగా మిగిలిన అక్షరమే నిలిచే అక్షరమని ఆయన నమ్మకం కాబోలు.

ఆ రోజు శిష్యురాలు ధాత్రి అడిగిన ప్రశ్న రెండోసారికి కూడా తగ్గలేదు. కొత్తగా దొరికిన ఒక రాతిశాసనంలో, బావి తవ్వించిన దాత ఒక కుమ్మరి స్త్రీ అని ఆమె చదివింది. పుస్తకం వేయిస్తున్న పెద్దలు ఆ పేరు ఫలానా రాజవంశపు ఆడపడుచుదని చదవమంటున్నారు. మిగతా ఐదుగురు పండితులూ అలాగే చదివి సంతకాలు పెట్టేశారు. ఆమె పెట్టకపోతే పుస్తకం ఆగదు. ఆమె పేరు మాత్రం పోతుంది, దాని వెనకే ఉద్యోగమూ పోతుంది. "నా ఒక్కదాని సంతకం లేకపోతే ఏం మారుతుంది మాస్టారూ?" అని అడిగింది.

నరహరిగారు శాసనం నకలు చూపించమనలేదు. పన్నెండేళ్ళ కిందట తాను వెళ్ళిన ఒక ఊరి సంగతి ఎత్తుకున్నారు. అందులో కొంత ఆయన కళ్ళారా చూసినది, కొంత అక్కడ పడవ నడిపే ఒక స్త్రీ నోట విన్నది.

మధ్యధరా సముద్రం ఒడ్డున, టర్కీ దేశపు దక్షిణ తీరంలో, కొండకీ నీటికీ మధ్య ఇరుక్కున్న చిన్న ఊరది. కొండ మీద మెట్లు మెట్లుగా పాతకాలపు నాటకశాల, ఆ మెట్ల సందుల్లో మేకలు మేసే గడ్డి. కింద తెల్లని గులకరాళ్ళ తీరం. పాత ఊరు సగం ఎప్పుడో భూకంపంలో సముద్రంలోకి దిగిపోయింది. గోడలు, వీధి మెట్లు, ఒక వరసలో ఎనిమిది రాతి తొట్లు రెండు నిలువుల లోతున ఇప్పటికీ కనబడతాయి. నీళ్ళు అంత తేట. వాటిని చూడటానికే జనం వస్తారు. పడవలవాళ్ళు వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళి, కళ్ళకు అద్దాలూ వీపుకు గాలి సిలిండర్లూ కట్టి నీళ్ళలోకి దింపుతారు.

ఆ పడవలవాళ్ళలో నెర్మిన్ ఒకతె. తండ్రి పడవ, రేవులో ఆ పడవను కట్టే చోటు ఆమెకు వచ్చాయి. తండ్రి చనిపోయిన ఏడాది ఆమెకు చుక్కాని పట్టడం నేర్పినవాడు హాలిత్. ఆయనే ఇప్పుడు పడవల సంఘానికి పెద్ద. ఆమె ఆయనను అన్నా అనే పిలిచేది.

ఇరవై ఏళ్ళప్పుడు నెర్మిన్ తవ్వకాలవాళ్ళ దగ్గర మునకలు వేసే పని చేసింది. ఆ తొట్ల గచ్చు పగుళ్ళలోంచి చేప పొలుసులూ ముళ్ళూ బయటికి తీసింది ఆమె చేతులే. అవి ఒకప్పుడు చేపలు ఉప్పులో ఊరేసిన తొట్లు. మూడో తొట్టి మూలన, గచ్చు పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో ఆనించిన అరచేతి గుర్తు ఉంది. చిన్న చెయ్యి. నెర్మిన్ తన చెయ్యి దాని మీద పెట్టి చూసింది, సరిపోయింది. ఆమె నాయనమ్మ కూడా ఆ ఊళ్ళో బతికినన్నాళ్ళూ చేపలు ఉప్పు పట్టించింది. ఆ రోజు నీళ్ళ అడుగున తనకు ఏడుపొచ్చిందనీ, అద్దాల లోపల కన్నీళ్ళు తుడుచుకునే వీల్లేక అలాగే ఉండిపోయాననీ ఆమె నరహరిగారితో చెప్పింది.

ఊరేసిన చేపల కోసం అంత దూరం నుంచి ఎవరొస్తారని సంఘం ఆలోచించింది. ఒక వేసవి ముందు రేవులో బోర్డు లేచింది: రాణిగారి స్నానపు తొట్లు. పడవలన్నీ అదే చెప్పాలని తీర్మానం చేశారు. నెర్మిన్ ఆ తీర్మానానికి చెయ్యెత్తలేదు. తన పడవ ఎక్కినవాళ్ళకు ఉన్నదే చెబుతూ వచ్చింది. సాయంత్రం కాఫీ కొట్ల దగ్గర ఆమె పడవ ఎక్కినవాళ్ళూ తక్కిన పడవలు ఎక్కినవాళ్ళూ కలిసినప్పుడు వాదాలయ్యేవి. మమ్మల్ని మోసం చేశారని కొందరు సంఘానికి ఫిర్యాదులిచ్చారు.

హాలిత్ చెడ్డవాడు కాడని నరహరిగారు ఆగి మరీ చెప్పారు. చేపలు తగ్గిపోయిన ఆ ఊరికి లేని ఆ రాణే అన్నం పెడుతోంది. అందుకే ఆయన నెర్మిన్ ఇంటికి రెండుసార్లు వెళ్ళి నచ్చజెప్పాడు. ఒక్క మాట అంటే నీ నోరు అరిగిపోతుందా అని అడిగాడు. ఆమె టీ ఇచ్చింది, మాట ఇవ్వలేదు.

చివరికొక ఉదయం హాలిత్ తనే వచ్చి ఆమె పడవ ఎక్కాడు. వెంట పెద్ద నగరాల నుంచి యాత్రలు నడిపేవాళ్ళు పన్నెండుమంది. శాసనాల సభ కోసం ఆ దేశం వెళ్ళిన నరహరిగారు ముందే చోటు చెప్పుకుని ఉండటంతో చుక్కాని పక్కన సర్దుకుని కూర్చున్నారు. తొట్ల మీదికి రాగానే నెర్మిన్ ఇంజను ఆపింది. అందరూ అంచుకు చేరి కిందికి చూస్తున్నారు. హాలిత్ నవ్వుతూ, "చెప్పు నెర్మిన్, ఇవేమిటో" అన్నాడు.

ఏం చెబితే ఏం పోతుందో ఆమెకు తెలుసు. కాళ్ళ కింద తండ్రి పడవ మెల్లగా ఊగుతోంది. ఒక్క మాటతో అది తనకు మిగులుతుంది. ఆ మాట నాలిక దాకా వచ్చిందని ఆమె తర్వాత దాచకుండా ఒప్పుకుంది.

"ఇవి చేపలు ఊరేసిన తొట్లు," అంది నెర్మిన్. "పనిచేసినవాళ్ళ చేతి గుర్తు మూడో తొట్టిలో ఉంది. దిగితే చూపిస్తాను. ఇక్కడికి ఏ రాణీ రాలేదు. రాని రాణి కోసం, ఉన్నవాళ్ళను లేరనలేను అన్నా."

పడవలో ఎవరో నవ్వారు. కొందరు మొహాలు తిప్పుకున్నారు. ఎవరూ దిగలేదు.

ఆ మధ్యాహ్నమే సంఘం రేవులో ఆమె చోటు తీసేసింది. తాడు విప్పే పని హాలిత్ ఇంకొకరికి చెప్పలేదు. తనే వచ్చి విప్పి, ఆమె వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. రేవులో చోటు లేని పడవ యాత్రికులను ఎక్కించుకోకూడదు. నెర్మిన్ పడవను ఒడ్డుకు లాగించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె నీళ్ళలో చూసే అద్దాలు ఆరు జతలు బుట్టలో వేసుకుని గులకరాళ్ళ తీరానికి వెళ్ళింది. తొట్లు అక్కడికి నాలుగు వందల గజాలు. తీరం నుంచి ఈదుకుంటూ వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈతొచ్చినవాళ్ళు రండి, నిజం చూపిస్తాను అని పిలిచింది. ఎవరూ రాలేదు. సాయంత్రం దాకా నిలబడి ఇంటికెళ్ళింది. రెండోరోజు ఒకే ఒక్కరు వచ్చారు. కోనసీమ కాలవల్లో ఈత నేర్చిన, యాభై తొమ్మిదేళ్ళ నరహరిగారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని అడుగుకు తీసుకెళ్ళి, వేళ్ళను ఆ గుర్తు మీద ఆనించింది. ఆయన చెయ్యి దానికి పెద్దదైపోయింది.

ఆరేళ్ళ తర్వాత ఆయన మళ్ళీ ఆ ఊరు వెళ్ళారు. నెర్మిన్ తీరంలోనే ఉంది. మునిగీ మునిగీ ఒక చెవికి వినికిడి తగ్గింది. ఒడ్డున ఉన్న పడవ ఎండకు పగుళ్ళిచ్చింది. హాలిత్ ఆమెతో ఇంకా మాట్లాడడు. కానీ ఆ పొద్దున నీళ్ళలో ఆమె వెనక పదకొండు తలలు కనిపించాయి. అటుగా వచ్చిన పడవ తొట్ల మీద ఆగింది. పడవవాడు రాణి కథ మొదలుపెట్టాడు. ఎక్కినవాళ్ళు కథ వినడం మాని, కింద మునకలు వేస్తున్న ఆ జనం ఎవరని అడిగారు. అతను కాసేపు నసిగాడు. ఇవి చేపల తొట్లని వాదించే మొండి మనిషి ఒకతె ఉంది, ఆమె మనుషులు అన్నాడు. ఏ పడవ వచ్చినా ఇదే తంతు అని నరహరిగారు అక్కడ తెలుసుకున్నారు. రాణి పేరెత్తిన ప్రతివాడూ ఆ రెండో మాట కూడా చెప్పక తప్పడం లేదు.

"ఆ బోర్డు తీసేశారా మాస్టారూ?" అని ధాత్రి అడిగింది.

"లేదు. అంతకంటే పెద్దది పెట్టారు."

ఆమె తల వంచుకుంది. నరహరిగారు ఈసారి ప్రశ్నను మళ్ళీ అడగమనలేదు.

"నీళ్ళు చాలా చల్లగా ఉంటాయమ్మా," అన్నారు. "మొదటి నాలుగు బారలే కష్టం."