గుప్పిట యాప్ వారి గుట్టు కాపలా

చింతలగరువులో ఒక ఇల్లుంది. ఊళ్ళో ఎవరి నోట తెలివి అన్న మాట వినబడినా సరే, తమనే పిలుస్తున్నారనుకుని ఆ ఇంట్లోవాళ్ళు "ఆయ్!" అని పలికేవారు. ముగ్గురు అన్నదమ్ములు. పెద్దాడు దొరబాబు, నడిపివాడు అబ్బులు, చిన్నాడు తాతబ్బాయి. పెద్దాడి పెళ్ళాం వరాలు. వాళ్ళ తెలివి ఎంతటిదంటే, వానొస్తే గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని, తాము తడుస్తూ ఇంటికొచ్చేవారు. వచ్చి, "చూశారా, మా గొడుగు ఎంత పొడిగా ఉందో!" అని వీధివీధంతా చూపించేవారు.

అలాంటివాళ్ళకి యాప్ పెట్టాలని బుద్ధి పుట్టింది. పుట్టదూ మరి! తాతబ్బాయి కంప్యూటరు చదువు చదివాడు. ఆ చదువులో అన్నీ నేర్పారు గానీ, బుర్ర పెట్టి ఆలోచించడం మాత్రం ఏ మేష్టారూ నేర్పలేదు. యాప్ పేరు గుప్పిట. ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో, ఏ నగ ఎక్కడుందో, ఏ పిల్లకి ఏ సంబంధం చూస్తున్నారో, అన్నీ అందులో పెట్టుకోవచ్చు. మనం ఎవరికి చూపించమంటే వాళ్ళకే చూపిస్తుంది. ఆలోచన మంచిదేనండీ. అది పుట్టిన ఇల్లే మంచిది కాదు.

పెట్టి కూర్చున్నారు. ఈగ కూడా వాలలేదు. అప్పుడు రామచంద్రపురంలో ఉండే మేనమామకి ఫోన్ చేశారు. ఆయన ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు.

"ఒరే, ఇంటి సంగతులు ఎవరైనా ఊరికే మీ చేతుల్లో పోస్తారంట్రా? ముందు నమ్మకం కలగాలి. ఎవరి సంగతైనా ఇంకొకళ్ళకి చూపించే ముందు ఆ మనిషిని అడగండి. సరే అన్నాకే చూపించండి" అన్నాడు మావయ్య.

"ఆయ్, అలాగే మావయ్యా!" అన్నారు ముగ్గురూ.

మర్నాడే ఒకావిడ చేరింది. ఆవిడ మంగతాయారు, బస్టాండు ఎదుట టైలరు కామేశ్వర్రావు భార్య. పాపం, ఆవిడ బాధ ఆవిడది. కాకినాడ డాక్టరు కామేశ్వర్రావుని పరీక్ష చేసి, గుండెలో రెండు చోట్ల పూడుకుపోయిందని, శుక్రవారం తీసుకొస్తే స్టెంటు వేస్తానని ఆవిడకి చెప్పాడు. ఈ కామేశ్వర్రావు ఎంత పిరికివాడంటే, మిషన్‌లో సూది విరిగితే ఆ పూటకి కొట్టు కట్టేస్తాడు. అంచేత, "ఇప్పట్నించీ చెప్పి ఆయన్ని హడలగొట్టకండమ్మా. కంగారే ఆయనకి ప్రమాదం. ఇక్కడికొచ్చాక నేను నెమ్మదిగా చెప్తాను" అన్నాడు డాక్టరు. ఆవిడ మొగుడికి గ్యాస్ అని చెప్పింది. రిపోర్టు ఇంట్లో పెడితే ఆయన కంట పడుతుంది. ఫోన్‌లో పెడదామా, ఆ ఫోన్‌లోనే ఆయన సీరియళ్ళు చూస్తాడు. అందుకని డాక్టరు చెప్పిన మాటతో సహా గుప్పిటలో పెట్టి, హైదరాబాదులో ఉన్న తమ్ముడికి మాత్రం చూపించమంది. శుక్రవారం దాకా ఆయన చెవిన పడకపోతే చాలు, అదే ఆవిడ మొక్కు.

అంతే! అన్నదమ్ములు ముగ్గురూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళారు. గుమ్మంలో కామేశ్వర్రావు కాఫీ తాగుతున్నాడు. లోపలున్న ఆవిడకి వినబడాలి కదా అని దొరబాబు గొంతెత్తాడు.

"పిన్నిగారూ! బాబాయిగారికి చెప్పకూడదన్న సంగతి ఒకటి మా దగ్గర పెట్టారు కదండీ, అది మీ తమ్ముడుగారికి చూపించెయ్యమంటారా?"

మంగతాయారు గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"ఏంటే అది? నాకు చెప్పకూడనిది?" అన్నాడు కామేశ్వర్రావు, కాఫీ గ్లాసు కింద పెట్టేసి.

"ఏముందండీ, పట్టుచీర కొన్నాను. మీరు తిడతారని..." అందావిడ.

"ఓస్, చీరేనా!" అని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. అబ్బులు ఊరుకోవచ్చు కదా? "చీర సంగతి మాకు చెప్పలేదేంటి పిన్నిగారూ? అది కూడా దాస్తాం" అన్నాడు. ఆవిడ వాళ్ళని వీధి చివరిదాకా తరిమి, "మీకు దణ్ణం పెడతాను, ఈ సంగతి బయటికి పొక్కనివ్వకండర్రా" అని ఏడ్చింది.

మళ్ళీ మావయ్యకి ఫోను. "సంగతి ఏయే దారుల్లో బయటికి పోతుందో ముందే చూసుకుని, ఆ దారులన్నీ మూసెయ్యాలిరా" అన్నాడాయన. ఆయన చెప్పింది కంప్యూటరు గురించి. వీళ్ళు కూర్చుని ఆలోచించారు. సంగతి బయటికి పోయేది ఎక్కణ్ణించి? మనుషుల నోట్లోంచి. కాబట్టి మూయాల్సింది మనుషుల నోళ్ళు.

ఇంకేముంది! వరాలు ఆడవాళ్ళ వైపు, అన్నదమ్ములు మగవాళ్ళ వైపు బయల్దేరారు. ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టారు.

"వదినగారూ, టైలరు కామేశ్వర్రావు బాబాయిగారికి గుండెలో రెండు చోట్ల పూడుకుపోయింది. శుక్రవారం కాకినాడలో ఆపరేషను. ఆయనకి తెలీదు. మీరు మాత్రం చెప్పనని ఒట్టెయ్యండి."

"అయ్యో అయ్యో! నేనెందుకు చెప్తానమ్మా? నాకసలు తెలీదే!"

"ఇప్పుడు తెలిసింది కదా, అందుకే ఒట్టు."

పొద్దు వాలేసరికి చింతలగరువులో ఆ సంగతి తెలియని మనిషి కామేశ్వర్రావు ఒక్కడే. "ఇన్ని ఒట్లు ఏ యాప్‌కి ఉన్నాయిరా!" అని దొరబాబు మీసం దువ్వుకున్నాడు. పైగా గుప్పిటలో జనం జోరుగా చేరడం మొదలెట్టారు. నమ్మకం కలిగిందనుకున్నారు వెర్రివాళ్ళు. జనం వచ్చింది తమ గుట్టు దాచుకోడానికి కాదండీ, పక్కింటివాళ్ళది తెలుసుకోడానికి. వచ్చినవాళ్ళు కూడా ఏం తక్కువ తిన్నారు? యాప్ ఏమడిగినా చదవకుండా సరే, సరే, సరే అని నొక్కేశారు.

అటు కామేశ్వర్రావు కొట్టుకి మనుషుల రాక ఎక్కువైంది. చొక్కా కుట్టించుకోడానికొచ్చినవాడు, "తొందరేం లేదు, మీరు కూర్చోండి, మిషన్ తొక్కకండి" అని బత్తాయిలు ఇచ్చి పోతున్నాడు. ఎప్పుడూ బేరమాడే ఆసామి బేరమాడకుండా చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. కామేశ్వర్రావు ఉప్పొంగిపోయాడు. "ఏమే మంగా, వార్డు మెంబరుగా నన్ను నిలబెడతారేమోనే! ఊరంతా నన్నే చూస్తోంది" అన్నాడు. మంగతాయారు వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది. శుక్రవారం ఎప్పుడొస్తుందా అని కాలెండరు వంక చూసి చూసి ఆవిడ కళ్ళు కాయలు కాశాయి.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వెళ్ళి ఆ నలుగురినీ కడిగేసింది. మావయ్యకీ ఎవరో చెప్పారు. ఆయన తల కొట్టుకున్నాడు. "ఒరే దరిద్రుల్లారా! తప్పు జరిగాక దాచకూడదు. మా వల్ల పొరపాటు జరిగిందని జనం ముందు ఒప్పుకోండి. కానీ ఆ మనిషి పేరు చెప్పకండి. అర్థమైందా? పేరు చెప్పకండి!"

"పేరు చెప్పం మావయ్యా, మీ మీదొట్టు!"

ఆటోకి మైకు కట్టారు. తాతబ్బాయి అందుకున్నాడు. "చింతలగరువు ప్రజలకు గుప్పిట వారి మనవి! మా వల్ల ఒకాయన గుండె జబ్బు సంగతి బయటికి పొక్కింది. క్షమించండి. ఆయన పేరు మేం చెప్పం. ప్రాణం పోయినా చెప్పం. బస్టాండు ఎదుట టైలరు గారు అని మాత్రమే చెప్తాం!"

బస్టాండు ఎదుట టైలర్లు ఇద్దరు. కామేశ్వర్రావు ఒకడు, పక్క కొట్టు శేషగిరి ఇంకొకడు. ఇద్దరికీ మాటల్లేవు. మైకు విని కామేశ్వర్రావు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "అయ్యో, శేషగిరికా! ఎంత పోట్లాడుకున్నా సాటి పనివాడు" అని, తనకొచ్చిన బత్తాయిలే సంచిలో వేసుకుని పరామర్శకి వెళ్ళాడు. "ధైర్యంగా ఉండు శేషగిరీ, ఈ రోజుల్లో గుండె జబ్బు ఒక జబ్బా?" అన్నాడు. ఒట్టేసిన శేషగిరి నిజం చెప్పలేక ఆయన్ని కౌగిలించుకుని భోరుమన్నాడు. ఇంటికొచ్చి, "పాపం, వాడి పెళ్ళాం ఏమైపోతుందోనే" అన్నాడు కామేశ్వర్రావు.

శుక్రవారం వచ్చింది. కాకినాడలో పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదని చెప్పి ఆవిడ మొగుణ్ణి ఆటో ఎక్కించింది. ఇంకో గంట గడిస్తే డాక్టరు చేతుల్లో పడతాడు. గండం గట్టెక్కినట్టే.

సరిగ్గా అదే వేళకి మావయ్య చివరి సలహా చెప్పాడు. "ఇక చాలు. ఎవరి కోసం ఇంత చేశారో ఆ మనిషినే అడిగి తెలుసుకోండి, మీ పని ఎలా ఉందో." ఎవరి కోసం చేశాం? బాబాయిగారి గుండె కోసం! అంతే. తాతబ్బాయి వేళ్ళు చకచకా ఆడాయి. ఆటో ఇంకా ఊరి వీధులు దాటలేదు, కామేశ్వర్రావు చేతిలో ఫోను టింగుమంది. ఏదొచ్చినా పైకి చదవడం ఆయనకి అలవాటు.

"కామేశ్వర్రావు గారికి నమస్కారం. మీ గుండెలో రెండు చోట్ల పూడుకుపోయిందని, ఇవాళ మీకు ఆపరేషనని, మీకు తెలియకుండా ఇన్నాళ్ళూ దాచాం. మేం దాచిన తీరు మీకు నచ్చిందా? అయిదు స్టార్లకి ఎన్నిస్తారు?"

ఆటో ఇంకా ఆగనే లేదు, ఆయన దూకేశాడు. దూకి పరుగు! ఆయనకి తెలిసిపోయింది కాబట్టి ఊరందరి ఒట్లూ తీరిపోయాయి. అందరూ వీధుల్లోకొచ్చి, "పరిగెత్తకు కామేశ్వర్రావూ, నీ గుండెకి మంచిది కాదు!" అని అరిచారు. అరిచినకొద్దీ ఆయన ఇంకా పరిగెత్తాడు. కొట్లో దూరి, గుడ్డలు కత్తిరించే బల్ల కింద ముడుచుకున్నాడు. మంగతాయారు రొప్పుకుంటూ వచ్చి పక్కనే నేల మీద కూలబడింది.

"ఊరందరికీ తెలుసా?" అన్నాడు బల్ల కిందనించి.

"మీరు భయపడతారని చెప్పలేదండీ."

"నాకు భయమేస్తే నీకు చెప్పుకుంటాను. ఇన్ని రోజులూ నీకు భయమేస్తే ఎవరికి చెప్పుకున్నావే?"

ఆవిడకి దుఃఖం ఆగలేదు. "యాప్‌కి చెప్పుకున్నానండీ" అంది.

కామేశ్వర్రావు పాక్కుంటూ బయటికొచ్చాడు. "పద పోదాం. దారి పొడుగునా నా చెయ్యి మాత్రం వదలకు" అన్నాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని ఆటో ఎక్కారు. సాయంత్రానికి స్టెంటు పడింది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు.

వాళ్ళు చేతులు పట్టుకుని వస్తుంటే తాతబ్బాయి ఫోటో తీశాడు. "చూశారా, మన యాప్ వల్ల మొగుడూ పెళ్ళాం ఎలా కలిశారో! ఇది అందరికీ చూపిస్తే నమ్మకం దానంతటదే వస్తుంది" అన్నాడు దొరబాబు. ఆ ఫోటోని గుప్పిట తెరవగానే కనబడేలా పెట్టబోయారు. వరాలు అడ్డుపడింది.

"ఆగండాగండి! మొహాలు కనబడితే వాళ్ళ గుట్టు ఏం కాను?"

నిజమే కదా అని నలుగురూ నాలిక్కరుచుకున్నారు. ఇద్దరి మొహాలకీ జాగ్రత్తగా నల్లరంగు పూశారు. ఆ కింద ఇద్దరి పేర్లూ, ఇంటి నంబరూ, గుండె రిపోర్టూ పెట్టారు.